తొమ్మిదో పేజీలోని హెచ్చరిక: ఒక యాంగిల్ గ్రైండర్ కేసు

ఆ గ్రైండర్ నా టేబుల్ మీదికి వచ్చేసరికి ప్రమాదం జరిగి పదకొండు నెలలైంది. సీలు వేసిన కవర్ విప్పి చూస్తే 125 మిల్లీమీటర్ల డిస్క్ పట్టే మామూలు యాంగిల్ గ్రైండర్, చేత్తో పట్టుకుని ఇనుము కోసే మెషిన్. డిస్క్‌కి అడ్డుగా ఉండే కవచం, అంటే గార్డ్ లేదు, రెండో చేత్తో పట్టుకునే సైడ్ హ్యాండిల్ లేదు. ఇనుము కోసే డిస్క్ ఉండాల్సిన చోట నలభై పళ్ల రంపం బ్లేడ్ బిగించి ఉంది. గేర్ హౌసింగ్ (గేర్ల మీది తొడుగు) మూలల్లో చెక్కపొడి గట్టిపడి పేరుకుపోయింది.

నేను మెకానికల్ ఇంజినీర్‌ని. పనిముట్ల వల్ల జరిగిన ప్రమాదాల కేసుల్లో లాయర్లకు టెక్నికల్ రిపోర్టులు రాసిస్తాను. కొన్ని గాయపడినవాళ్ల తరఫున, కొన్ని తయారీ కంపెనీల తరఫున. ఈ కేసు గాయపడిన కుర్రాడి వైపు నుంచి వచ్చింది. పార్టీలను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి మిగతాది రాస్తున్నాను.

జరిగింది ఇదీ. కుర్రాడి వయసు ఇరవై రెండు. ఒక చెక్కపని వర్క్‌షాప్‌లో హెల్పర్‌గా చేరి ఏడు వారాలైంది. పలకలో చిన్న గాడి కోయాలి. ఆ పనికి వాడే సర్క్యులర్ సా, అంటే గుండ్రటి బ్లేడున్న రంపం మెషిన్, వేరేవాళ్ల చేతిలో ఉంది. పక్కన గ్రైండర్ ఉంది, దానికి రంపం బ్లేడ్ ముందే బిగించి ఉంది. ఎడమ చేత్తో పలకను అదిమి పట్టుకుని, కుడి చేత్తో గ్రైండర్ ఆనించాడు. రెండో గాడి దగ్గర బ్లేడ్ పట్టేసింది. గ్రైండర్ ఎగిరి ఎడమ చేతి వెనక భాగం మీదుగా పోయింది. చూపుడువేలు, మధ్యవేలు చాచే నరాలు తెగాయి. అందరూ నరాలంటారు గానీ డాక్టర్లు టెండన్లు అనేది వీటినే. ఒక సర్జరీ సరిపోలేదు, రెండోది కూడా చేశారు.

నిజం చెప్పాలంటే, లాయర్ ఫోన్‌లో ఇదంతా చెప్పినప్పుడు ఇందులో కేసు లేదనుకున్నాను. ఇనుము కోసే మెషిన్‌కి చెక్క కోసే బ్లేడ్, గార్డ్ లేదు, ఒంటిచేత్తో పట్టుకున్నాడు. తప్పులన్నీ వాడినవాళ్ల వైపే కనిపిస్తున్నాయి. పైగా కంపెనీ ముందే జవాబు పంపింది: పళ్లున్న రంపం బ్లేడ్ బిగించవద్దని మా మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది, చూసుకోండి అని.

చూశాను. తొమ్మిదో పేజీలో ఉంది. చైన్ బ్లేడ్ గానీ, అంచులో 10 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ ఖాళీలున్న డైమండ్ డిస్క్ గానీ, పళ్లున్న రంపం బ్లేడ్ గానీ బిగించవద్దు, అలాంటి బ్లేడ్లు మాటిమాటికీ కిక్‌బ్యాక్ ఇస్తాయి (బ్లేడ్ పట్టేసి మెషిన్ ఎగురుతుంది), మెషిన్ అదుపు తప్పుతుంది అని. ఇది ఆ కంపెనీ సొంతంగా రాసుకున్న మాట కాదు. చేత్తో పట్టుకునే ఎలక్ట్రిక్ పనిముట్లకు ఐఈసీ 62841 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో గ్రైండర్ల భాగం ఈ హెచ్చరికను మాన్యువల్‌లో పెట్టమంటుంది. అందుకే ఏ బ్రాండ్ మాన్యువల్ తెరిచినా దాదాపు ఇవే మాటలు కనిపిస్తాయి.

కేసు పోయిందనుకున్న చోటే నాకు మొదటి దారం దొరికింది. ప్రమాణం రాసేవాళ్లు ఈ బ్లేడ్ పేరు పెట్టి మరీ ఎందుకు వద్దన్నారు? జనం బిగిస్తున్నారు కాబట్టి. ఎవరూ చేయని పనిని వద్దని ఎవరూ రాయరు. అంటే ఈ తప్పు వాడకం కంపెనీకి ఊహకందనిది కాదు, వాళ్లు ముందే ఊహించి రాసిపెట్టుకున్నది. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఊహించిన ప్రమాదం గురించి చెప్పాల్సిన మనిషికి, చెప్పాల్సిన చోట చెప్పారా?

మాన్యువల్ మొత్తం కూర్చుని లెక్కపెట్టాను. ‘వద్దు’, ‘చేయకూడదు’, ‘ఎప్పుడూ’ అనే వాక్యాలు అరవై పైనే ఉన్నాయి. వైరు పట్టుకుని మెషిన్‌ని వేలాడదీయవద్దు అనే వాక్యానికీ, చెయ్యి పోగొట్టే బ్లేడ్ గురించిన వాక్యానికీ అక్షరాల సైజు ఒకటే. ఆ రెండు మాటలూ ఒకే బరువుతో చెబితే చదివేవాడికి రెండూ తేలిగ్గానే అనిపిస్తాయి. మరో సంగతి. వర్క్‌షాప్ యజమాని దగ్గర ఆ మాన్యువల్ సొరుగులో ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా ఉంది. ఆయన్ని తప్పుపట్టాల్సిందే, ఆ సంగతి తర్వాత చెబుతాను. కానీ పనిముట్లు ఎలా తిరుగుతాయో ఈ రంగంలో ఉన్న ఎవరికైనా తెలుసు. డబ్బా మొదటి రోజే చెత్తలోకి పోతుంది. మాన్యువల్ సొరుగులోకి పోతుంది. మెషిన్ మాత్రం పదిమంది చేతులు మారుతుంది.

ఇక మెషిన్ మీద ఏముందో చూద్దాం. ఒక రేటింగ్ ప్లేట్. అందులో ఓల్టేజి, వాట్లు, డిస్క్ సైజు, నిమిషానికి 11,000 చుట్లు. వాటి పక్కన నీలం గుండ్రాల్లో రెండు బొమ్మలు. ఒకటి కళ్లద్దాలు పెట్టుకోమనేది, ఇంకోటి పుస్తకం చదువుతున్న మనిషి, అంటే మాన్యువల్ చూడమని. ఐఎస్‌ఓ 7010 ప్రమాణంలో ఉన్న గుర్తులే. బ్లేడ్ గురించి ఒక్క ముక్క లేదు. గార్డ్ గురించి కూడా లేదు.

కుర్రాడిని కలిసినప్పుడు లాయర్ పక్కనే ఉన్నారు. నేను రెండే ప్రశ్నలు వేశాను.

“గార్డ్ ఎందుకు తీసేశావు?”

“నేను తీయలేదు సార్. నేను వచ్చేసరికే మెషిన్ అలా ఉంది. దానికి గార్డ్ అనేది ఒకటి ఉంటుందని నాకు ఆసుపత్రిలో ఉన్నప్పుడే తెలిసింది.”

“ఆ రోజు కళ్లద్దాలు పెట్టుకున్నావా?”

“పెట్టుకున్నాను సార్. దాని మీద బొమ్మ ఉందిగా.”

ఈ రెండో జవాబు విని లాయర్ తల వంచుకుని నోట్స్ రాసుకుంటున్నారు. నాకైతే ఒళ్లు జలదరించింది. హెచ్చరికల కేసుల్లో కంపెనీలు చివరికి వచ్చి నిలబడే మాట ఒకటుంది: హెచ్చరిక ఉన్నా అతను వినేవాడు కాదు, కాబట్టి అది లేకపోవడం వల్ల గాయం కాలేదు అని. అమెరికాలో చాలా కోర్టులు, హెచ్చరిక ఉంటే మనిషి పాటించేవాడనే అనుకుని మొదలుపెడతాయి. కాదని చూపించాల్సిన పని ఎదుటివాళ్లది. అన్ని చోట్లా అలా ఉండదు, ఊహ సరిపోదు, సాక్ష్యం కావాలి. ఈ కేసులో ఆ సాక్ష్యం ఉంది. మెషిన్ మీద, చేతి దగ్గర, చదువు అక్కర్లేకుండా అర్థమయ్యే హెచ్చరిక ఒక్కటే ఉంది. దాన్ని అతను పాటించాడు. కళ్లు దక్కాయి.

తర్వాతి వారం ఆ మోడల్‌దే కొత్త గ్రైండర్ కొనిపించి, నా టేబుల్ మీద పెట్టుకుని డిస్క్ మార్చడం మొదలుపెట్టాను. ఒకసారి కాదు, మధ్యాహ్నమంతా. ప్లగ్ తీశాను. డిస్క్ తిరిగే ఇరుసును స్పిండిల్ అంటారు; గేర్ హౌసింగ్ మీదున్న స్పిండిల్ లాక్ బటన్‌ని ఎడమ బొటనవేలితో నొక్కాను. స్పానర్‌తో లాక్ నట్ వదులు చేశాను. డిస్క్ తీశాను, ఇంకోటి పెట్టాను, నట్ బిగించాను. ప్రతిసారీ కళ్లు ఎక్కడుంటున్నాయో గమనించుకున్నాను. రేటింగ్ ప్లేట్ మోటారు బాడీకి ఒక పక్కన ఉంది. డిస్క్ మార్చేటప్పుడు మెషిన్‌ని వెల్లకిలా పెడతాం కాబట్టి అది కిందికి పోతుంది. ఆ పని మొత్తంలో ఒక్కసారి కూడా నాకు కనిపించలేదు. చూపు పడేది ఒక్కచోటే, స్పిండిల్ చుట్టూ రెండంగుళాల్లో. అక్కడ హౌసింగ్ మీద తిరిగే దిశ చూపించే బాణం ఒకటి పోతపోసి ఉంది. ఆ బాణం పక్కన ఖాళీ స్థలం ఉంది. స్కేలు పెట్టి కొలిచాను: 30 మిల్లీమీటర్ల పొడవు, 18 వెడల్పు.

కాగితం ముక్క అంతే సైజులో కత్తిరించి, పళ్ల బ్లేడ్ బొమ్మ గీసి, దాని మీద అడ్డగీత కొట్టి, పక్కన గార్డ్ ఉన్న గ్రైండర్ బొమ్మ వేసి అక్కడ అంటించాను. ఫొటో తీసి రిపోర్టులో మొదటి పేజీలోనే పెట్టాను. నా వాదన మొత్తం ఆ ఫొటోలోనే ఉంది. హెచ్చరిక సరిపోతుందా అనేది పేజీలు లెక్కపెడితే తేలదు. చెయ్యి తప్పు నిర్ణయం తీసుకునే క్షణంలో కళ్లెదుట ఉందా లేదా అని చూడాలి.

ఇంకో విషయం కూడా చూపించాల్సి వచ్చింది. ఆ బ్లేడ్ రంధ్రం 22.23 మిల్లీమీటర్లు. గ్రైండర్‌లో డిస్క్ కూర్చునే ఫ్లాంజ్‌కి అచ్చం సరిపోయే కొలత. బిగుతుగా, నేరుగా, ఊగకుండా కూర్చుంటుంది. మామూలు మనిషికి ఒక వస్తువు ఇంకో వస్తువులో అలా కూర్చుంటే అది దాని కోసమే చేసిందనిపిస్తుంది. మెషిన్ ఏ మాటా చెప్పకపోయినా, ఆ అమరిక ‘సరే’ అని చెబుతుంది. దానికి ఎదురుగా ‘కాదు’ అని చెప్పే గుర్తు అంతే దగ్గర్లో ఉండాలి.

కంపెనీ తరఫు నిపుణుడు అనుభవం ఉన్నవాడే, ఆయన లేవనెత్తిన అభ్యంతరాలు తేలిగ్గా తీసిపారేసేవి కావు. మొదటిది, ప్రమాదం కళ్లకు కనిపిస్తూనే ఉంది. తిరిగే పళ్ల బ్లేడ్ చేతిని కోస్తుందని పిల్లలకు కూడా తెలుసు, తెలిసినదాన్ని మళ్లీ చెప్పాల్సిన బాధ్యత లేదు అన్నాడు. కోస్తుందని అందరికీ తెలుసు, నిజమే. కానీ ఈ కుర్రాడు చేతిని బ్లేడ్ దగ్గరికి తీసుకెళ్లలేదు. బ్లేడే చేతి దగ్గరికి వచ్చింది. 125 మిల్లీమీటర్ల బ్లేడ్ నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే అంచు వేగం సెకనుకు 72 మీటర్లు, అంటే గంటకు దాదాపు 260 కిలోమీటర్లు. ఇనుము కోసే డిస్క్‌కి పళ్లు ఉండవు, అది రాపిడితో కోస్తుంది. రంపం పన్ను మాత్రం చెక్క పీచులోకి దిగి పట్టుకుంటుంది. బ్లేడ్ ఆగిపోగానే మోటారు తిప్పుతున్న బలమంతా మెషిన్ బాడీ మీదికి మళ్లుతుంది. సర్క్యులర్ సాకి అయితే పలక మీద ఆనే వెడల్పాటి బేస్ ఉంటుంది, రెండు చేతులకూ పట్టు ఉంటుంది, బ్లేడ్ మీద కవర్ ఉంటుంది. గ్రైండర్‌కి ఆ బేస్ లేదు. అందుకే అదే బ్లేడ్ అక్కడ పనిముట్టు, ఇక్కడ ప్రమాదం. పైగా ఈ మోడల్‌కి ఉన్నది జరిపితే నిలిచిపోయే స్లైడ్ స్విచ్. చేతిలోంచి జారిపోయినా మోటారు ఆగదు. ఇవేవీ చూడగానే తెలిసే విషయాలు కావు.

రెండో అభ్యంతరం, స్టిక్కర్ నిలవదు అని. గేర్ హౌసింగ్ వేడెక్కుతుంది, గ్రీజు తగులుతుంది, ఆరు నెలల్లో ఊడిపోతుంది అన్నాడు. ప్రమాణాల్లో దీనికి ఒక పరీక్ష ఉంది. గుర్తును నీళ్లలో తడిపిన గుడ్డతో 15 సెకన్లు, పెట్రోలియం స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో ఇంకో 15 సెకన్లు రుద్దాలి, అక్షరాలు చెదరకూడదు, అంచులు లేవకూడదు. నేను ఆ పరీక్ష పాత గ్రైండర్ మీదున్న బాణానికి చేసి చూపించాను. బాణం ఎలా ఉందో అలాగే ఉంది, ఎందుకంటే అది అంటించింది కాదు, పోతలోనే వచ్చింది. బాణాన్ని పోతపోయగలిగినవాళ్లు పక్కన ఇంకో బొమ్మను కూడా పోతపోయగలరు.

మూడోది నన్ను కాస్త ఆలోచించేలా చేసింది. ప్రతి ప్రమాదానికీ మెషిన్ మీద ఒక బొమ్మ పెడుతూ పోతే చివరికి ఏదీ ఎవరూ చూడరు అన్నాడు. ఆ మాట నిజం. నేను కంపెనీల తరఫున రాసిన రిపోర్టుల్లో నేనే ఈ మాట వాడాను. నా జవాబు ఒక్కటే: అందుకే ఎంచుకోవాలి. అరవైలో ఏ రెండు తప్పులు శాశ్వతంగా చెయ్యి పోగొడతాయో, వాటిలో ఏవి జనం మామూలుగా చేస్తారో తయారీదారుడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ రెండూ మెషిన్ మీదికి రావాలి. మిగతా యాభై ఎనిమిదీ పుస్తకంలో ఉండనివ్వండి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను, నేను లాయర్‌ని కాను. వస్తు లోపం మూడు రకాలుగా చూస్తారు: తయారీలో లోపం, డిజైన్‌లో లోపం, సూచనల్లో లేదా హెచ్చరికల్లో లోపం. అమెరికాలో కోర్టులు ఆధారంగా తీసుకునే న్యాయసూత్రాల సంకలనం, 1998 నాటి రిస్టేట్‌మెంట్, ఈ మూడింటినీ విడివిడిగా పెట్టింది. యూరప్‌లో 1985 డైరెక్టివ్, అంటే సభ్య దేశాలు పాటించాల్సిన చట్టపరమైన ఆదేశం, వస్తువును ఎలా జనం ముందు పెట్టారో, దాన్ని ఎలా వాడతారని ఊహించవచ్చో కూడా లోపం తేల్చేటప్పుడు చూడమంది. దాని స్థానంలో వచ్చిన 2024 డైరెక్టివ్ 2026 డిసెంబరు 9 తర్వాత మార్కెట్లోకి వచ్చే వస్తువులకు వర్తిస్తుంది. భారతదేశపు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 84వ సెక్షన్ తగిన సూచనలు గానీ తప్పు వాడకం గురించి హెచ్చరిక గానీ లేకపోవడాన్ని తయారీదారుడి బాధ్యతగా రాసింది. అదే చట్టం 87వ సెక్షన్‌లో మినహాయింపులు కూడా ఉన్నాయి: అందరికీ తెలిసిన ప్రమాదమైతే, లేదా యజమాని పనిచోటు కోసం కొన్న వస్తువై ఉండి తయారీదారుడు ఆ యజమానికి హెచ్చరికలు ఇచ్చి ఉంటే బాధ్యత ఉండదు. ఈ రెండో మినహాయింపు నాకు మింగుడుపడదు. యజమాని సొరుగులో ఉన్న కాగితం హెల్పర్ చేతిని కాపాడదు. ఇలాంటి నిబంధన ఉన్నచోట పనిచేసే లాయర్లు, యజమానికి అందిన హెచ్చరిక కార్మికుడికి అందించగలిగే రూపంలో ఉందా అని తప్పకుండా అడగాలి.

మా కేసుకు అన్నిటికంటే దగ్గరగా వచ్చింది అమెరికాలో హోబార్ట్ కంపెనీ మీట్ గ్రైండర్ కేసు. 1993లో పదిహేడేళ్ల కుర్రాడు, పనిలో చేరి వారమే అయింది. మాంసం కొట్టే గ్రైండర్‌లో చెయ్యి పోయింది. 1961లో అమ్మినప్పుడు దానికి గార్డ్ ఉంది, పనిచోట ఎవరో తీసేశారు. గార్డ్ లేకుండా వాడకూడదని యంత్రం మీద ఎక్కడా లేదు. గార్డ్‌లు తీసేస్తున్నారని కంపెనీకి తెలిసి, 1962 నుంచి కొత్త యంత్రాల మీద హెచ్చరిక పెట్టడం మొదలుపెట్టింది కూడా. యంత్రాన్ని మార్చేశారు కాబట్టి డిజైన్ లోపం అనే వాదన నిలవకపోయినా, హెచ్చరించాల్సిన బాధ్యత మిగిలే ఉండొచ్చని 1998లో న్యూయార్క్ అత్యున్నత కోర్టు చెప్పింది. మరుసటి ఏడాది ఫెడరల్ అప్పీల్ కోర్టులో జడ్జి గ్విడో కాలబ్రేసీ రాసిన తీర్పులో ఒక ఆలోచన ఉంది, నేను ప్రతి రిపోర్టులోనూ దాని చుట్టూనే తిరుగుతాను. హెచ్చరిక చేసే పనులు రెండు. ఇది ప్రమాదం అని చెప్పడం ఒకటి, దీన్ని తప్పించుకునే దారి ఉంది అని చెప్పడం రెండోది. గ్రైండర్ ప్రమాదకరమని ఎవరికైనా తెలుసు. దానికి గార్డ్ ఉంటుందని, గార్డ్ పెట్టమని అడగవచ్చని తెలియకపోవచ్చు.

మా కుర్రాడు ఆసుపత్రిలో తెలుసుకున్నది సరిగ్గా అదే.

ఆ కేసులో తప్పును పంచినప్పుడు తయారీదారుడికి, యజమానికి మధ్య 5, 95 శాతాలుగా పంచారు. కార్మికుడి సొంత తప్పును మూడో వంతుగా లెక్కించారు. ఈ అంకెలు గుర్తుపెట్టుకోవాలని నేను లాయర్లకు చెబుతుంటాను. హెచ్చరిక లోపించిందని గెలవడం అంటే మిగతావాళ్లు కడిగిన ముత్యాలని కాదు. మా కేసులో వర్క్‌షాప్ యజమాని బాధ్యతే పెద్దదని నా రిపోర్టులో దాచకుండా రాశాను. గార్డ్ ఎవరు తీశారో ఆయనకు తెలియదు, ఎప్పుడు తీశారో తెలియదు, ఏడు వారాల్లో ఆ కుర్రాడికి ఒక్క పూట శిక్షణ ఇవ్వలేదు. ఒంటిచేత్తో పట్టుకోవడం కుర్రాడి తప్పే, దాన్నీ రాశాను. నా వైపు లాయర్‌కి ఆ పేరా నచ్చలేదు. ఉంచాల్సిందే అన్నాను. అది తీసేస్తే మిగతా ఏ పేరానూ ఎదుటివాళ్లు నమ్మరు.

స్లైడ్ స్విచ్ మీద డిజైన్ లోపం వాదన కూడా పెట్టాం. యంత్రాల భద్రతకు పునాది లాంటి ఐఎస్‌ఓ 12100 చెప్పే వరస అదే: ముందు డిజైన్‌లోనే ప్రమాదం తగ్గించు, తర్వాత గార్డ్ పెట్టు, ఆ రెండూ అయ్యాక మిగిలినదాని గురించి హెచ్చరించు. వదిలితే ఆగిపోయే ప్యాడిల్ స్విచ్ అదే కంపెనీ ఇంకో మోడల్‌లో ఉంది. అయితే గాయం మొదటి తాకిడిలోనే జరిగింది, స్విచ్ వదిలినా బ్లేడ్ కొన్ని సెకన్లు తిరుగుతుంది కాబట్టి అది గాయాన్ని ఆపేదని నేను గట్టిగా చెప్పలేకపోయాను. డిపాజిషన్‌లో, అంటే విచారణకు ముందు ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలంలో, ఎదుటి లాయర్ సూటిగా అడిగితే అదే చెప్పాను.

ఆయన ఆ రోజు చివరగా అడిగిన ప్రశ్న మాత్రం ఇది: “మాన్యువల్ చదవమని బొమ్మ ఉందని మీరే ఒప్పుకుంటున్నారు. చదవకపోతే మా తప్పెలా అవుతుంది?” నేను పాత గ్రైండర్‌ని ఆయన ముందుకు జరిపి, రేటింగ్ ప్లేట్ కిందికి ఉండేలా వెల్లకిలా పెట్టాను. ఇప్పుడు డిస్క్ మార్చబోతున్నారనుకోండి, ఆ బొమ్మ చూపించండి అన్నాను. ఆయన మెషిన్‌ని తిప్పబోయి ఆగారు. రికార్డులో ఆ చోట ఏమీ ఉండదు, టైపిస్ట్ మౌనాన్ని రాయదు.

విచారణ దాకా పోలేదు. మధ్యవర్తిత్వంలో కంపెనీ, యజమాని బీమా సంస్థ కలిసి సెటిల్ చేసుకున్నాయి. మొత్తం ఎంతో చెప్పకూడదని ఒప్పందం. కుర్రాడి చూపుడువేలు సగం దాకా లేస్తుంది, మధ్యవేలు లేవదు. ఇప్పుడు ఆ వర్క్‌షాప్‌లో లేడు, సరుకు లెక్కలు చూసే పనిలో ఉన్నాడు.

ఏడాదిన్నర తర్వాత వేరే కేసు కోసం అదే కంపెనీ కొత్త గ్రైండర్ ఒకటి నా టేబుల్ మీదికి వచ్చింది. అలవాటుగా వెల్లకిలా తిప్పి స్పిండిల్ దగ్గర చూశాను. బాణం పక్కన, పోతలోనే, చిన్న పళ్ల బ్లేడ్ బొమ్మ, దాని మీద అడ్డగీత. వేలితో తడిమితే గీత చేతికి తగులుతోంది. గార్డ్ బొమ్మ మాత్రం లేదు. దానికి స్థలం ఉంది, మళ్లీ కొలిచాను. కొత్త రిపోర్టులో ఆ కొలత రాసి, ఫొటో జతచేసి పంపాను.